ఎండాకాలంలో బీపీ దిగింది కదా, పిల్లాడి మాత్ర ఆపేయవచ్చా?

ఆదిలాబాద్ నుంచి ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. "మా బాబుకు పదిహేనేళ్ళు. కాస్త లావు. పోయిన డిసెంబర్‌లో తలనొప్పి అంటే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. బీపీ 142/88 ఉందన్నారు. మళ్ళీ రెండుసార్లు పిలిచి చూశారు, అలాగే ఉంది. కిడ్నీ స్కాన్, గుండె స్కాన్, రక్తపరీక్షలు అన్నీ బాగున్నాయి. జనవరి నుంచి ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాముల మాత్ర రోజూ వేస్తున్నాం. ఫిబ్రవరిలో 132/80 వచ్చింది, ఇప్పుడు మే నెలలో 116/70. మొన్న క్రికెట్ ఆడి వచ్చి, కూర్చుని లేవబోతే కళ్ళు తిరిగాయన్నాడు. 'మీసాలు కూడా రాని పిల్లాడికి బీపీ ఏంది, చలికి వచ్చింది, ఎండకు పోయింది, ఆ గోలి ఆపెయ్యి' అంటున్నారు మా అత్తమ్మ. నిజంగా చలికాలానికి మాత్రమే వేస్తే సరిపోదా? జూన్‌లో ఇంటర్‌కు హైదరాబాద్ హాస్టల్లో చేరుతున్నాడు, అదొక టెన్షన్."

అమ్మా, మాత్ర మీ అంతట మీరు ఆపకండి. అయితే కళ్ళు తిరిగిన సంగతి మాత్రం ఈ వారంలోనే మీ డాక్టర్‌కు చెప్పండి, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. పిల్లల డాక్టర్‌గా ఇరవై ఏళ్ళ పైచిలుకు పనిచేశాను. ఎండాకాలంలో ఇంట్లోవాళ్ళే మాత్ర ఆపేసి, సంక్రాంతి ముందు మళ్ళీ తలనొప్పితో తీసుకొచ్చిన పిల్లలను చాలామందినే చూశాను. అందుకే ఈ ప్రశ్నకు కొంచెం పెద్ద జవాబు రాస్తున్నాను.

మీ అత్తగారు పూర్తిగా తప్పు చెప్పలేదు. చలికి బీపీ పెరగడం, ఎండకు తగ్గడం నిజమే. లండన్‌లో జెఫ్రీ రోజ్ అనే వైద్యుడు అవే మనుషులకు పదేపదే బీపీ కొలిచి, చలికాలంలో ఎక్కువ, వేసవిలో తక్కువ ఉంటోందని 1961లోనే రాశాడు. ఆ తర్వాత చాలా దేశాల్లో ఇదే కనిపించింది. పిల్లల మీద చేసిన పరిశీలనల్లోనూ మొగ్గు అటే ఉంది. కారణం కూడా తేలికగానే అర్థమవుతుంది. చలి వేస్తే ఒళ్ళు తన వేడిని కాపాడుకోవడానికి చర్మం కింది సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది. తోటకు నీళ్ళు పెట్టే పైపు మూతిని వేలితో నొక్కితే లోపల ఒత్తిడి ఎలా పెరుగుతుందో, ఇదీ అంతే. ఎండకు ఆ నాళాలే వదులవుతాయి. చెమటతో నీళ్ళు, ఉప్పు బయటికి పోతాయి. బీపీ దిగుతుంది.

అసలు సంగతి ఎంత తేడా అన్నది. పెద్దవాళ్ళలో చలికాలానికీ వేసవికీ మధ్య పై అంకెలో తేడా సగటున ఐదు పాయింట్లు. ముసలివాళ్ళలో రక్తనాళాలు గట్టిపడి ఉంటాయి కనుక ఇంకా ఎక్కువ ఊగుతుంది, చిన్న వయసులో ఆ ఊగు తక్కువ. మీ ఆదిలాబాద్ చలికీ ఎండకీ రెండింటికీ పేరుమోసిన జిల్లా. డిసెంబర్, జనవరి రాత్రుల్లో పది డిగ్రీల కిందికి పోతుంది, మేలో నలభై దాటుతుంది. విశాఖపట్నం పిల్లాడికన్నా మీ బాబుకు తేడా కొంచెం ఎక్కువే ఉండవచ్చు. ఎంత ఎక్కువ వేసుకున్నా 142 నుంచి 116కు దిగిన ఇరవై ఆరు పాయింట్లనూ ఎండ ఖాతాలో రాయలేం.

మరి మిగతావి ఎక్కడికి పోయాయి? ముందు మాత్ర సంగతి చూడండి. పిల్లల్లో ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములకు పై అంకె సుమారుగా ఐదు నుంచి పది పాయింట్ల దాకా తగ్గుతుంది. జనవరి నుంచి రోజూ వేస్తున్నారు కనుక, ఇప్పుడు కనిపిస్తున్న 116లో దాని పాలు గట్టిగానే ఉంది. మాత్ర పనిచేస్తోంది కనుక బీపీ మామూలుగా ఉంది. బీపీ మామూలుగా ఉంది కనుక మాత్ర ఎందుకు అనడం, గొడుగు కింద తడవడం లేదు కదా అని వానలో గొడుగు ముడవడమే.

రెండోది, మొదటి కొలతలు ఎప్పుడూ కొంచెం పైనే ఉంటాయి. కొత్త ఆసుపత్రి, తెల్లకోటు, పక్కన కంగారుపడుతున్న అమ్మ. పదిహేనేళ్ళ పిల్లాడి గుండె కొట్టుకోదూ? అందుకే ఒక్కసారి చూసి పేరు పెట్టరు. పదమూడేళ్ళు దాటినవాళ్ళకు 130/80 గానీ అంతకుమించి గానీ వేర్వేరు రోజుల్లో మూడుసార్లు వస్తేనే రక్తపోటు జబ్బు అంటారు, 140/90 దాటితే రెండో దశ. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లోని లెక్క ఇది. మీ డాక్టర్ మూడుసార్లు పిలిచి చూడటం సరైన పద్ధతే. ఆ మూడూ డిసెంబర్‌లోనే పడ్డాయన్నది మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిన విషయం.

మూడోది పరీక్షలు. మన దగ్గర పిల్లల కాలాలు వాన, చలి, ఎండ కావు. టర్ములు, ప్రీఫైనళ్ళు, ఫైనళ్ళు. డిసెంబర్ నుంచి మార్చి దాకా పదో తరగతి పిల్లాడు ఎలా బతుకుతాడో మీకు నేను చెప్పాలా? పొద్దున నాలుగింటికి లేపడం, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్, ఆటలు బంద్, నిద్ర రాకుండా టీలు. ఈ వయసులో వచ్చే బీపీలో, ముఖ్యంగా లావు ఉన్న పిల్లల్లో, ఒంట్లోని కంగారు నాడులు అవసరానికి మించి హుషారుగా ఉండటం ఒక పెద్ద కారణం. చలి రక్తనాళాలను బిగించేది ఆ నాడుల ద్వారానే, టెన్షన్ బిగించేదీ ఆ నాడుల ద్వారానే, నిద్ర చాలకపోతే రెచ్చిపోయేవీ అవే. మూడూ ఒకే నెలల్లో వచ్చి పడితే ఏది ఎంత పెంచిందో విడదీసి చెప్పడం ఎవరి తరమూ కాదు. ఏప్రిల్‌లో పరీక్షలు అయిపోయాయి, పొద్దెక్కేదాకా నిద్ర, సాయంత్రం క్రికెట్. మే నెల బీపీలో ఈ సెలవుల భాగం కూడా ఉంది. జూన్‌లో హాస్టల్ మొదలవగానే ఇది పోతుంది, అప్పటికి చలి రాకపోయినా సరే.

నాలుగోది కఫ్. చెయ్యికి చుట్టే ఆ పట్టీ గురించి ఎవరూ అడగరు, నాకైతే ముందు అనుమానం దాని మీదే వస్తుంది. లావుగా ఉన్న పిల్లాడి చెయ్యికి చిన్న కఫ్ చుడితే బీపీ లేనిపోని ఎక్కువ చూపిస్తుంది. చెయ్యికి, కఫ్‌కు తేడా ఎంత ఉందన్న దాన్నిబట్టి ఆ తప్పు ఐదు పాయింట్ల నుంచి ఇరవై దాకా పోవచ్చు. కఫ్ లోపల గాలి నిండే సంచి పొడవు చెయ్యి చుట్టుకొలతలో కనీసం ఎనభై శాతం ఉండాలి, వెడల్పు నలభై శాతం ఉండాలి. డిసెంబర్‌లో ఒక కఫ్‌తో, మేలో ఇంకో కఫ్‌తో చూసి ఉంటే ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టడమే తప్పు. చలికాలానికి ఇంకో తంటా కూడా ఉంది. పొద్దున్నే స్వెటర్‌తో వస్తారు, చెయ్యి బయటికి తీయడానికి బద్ధకించి దాని పైనుంచే కఫ్ చుట్టేస్తారు, లేదా చొక్కా చెయ్యిని పైకి మడిచి బిగించేస్తారు. రెండూ తప్పే. చలికి మూత్రం ఎక్కువ వస్తుంది, పిల్లాడు క్యూలో బిగబట్టుకుని కూర్చుంటాడు. నిండిన మూత్రాశయంతో కొలిచినా బీపీ కొన్ని పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది.

ఇక ఉప్పు. ఇది రాస్తే నన్ను తిట్టుకుంటారు, అయినా రాయాలి. వేసవిలో అంతా ఆవకాయ పెడతారు, వడియాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు ఎండబెడతారు. వాటిని దించేది మాత్రం వానాకాలంలో, చలికాలంలో. బయట ముసురు, లోపల వేడి అన్నం, పప్పు, ఆవకాయ, నంజుకోవడానికి వడియం. సంక్రాంతికి సకినాలు, జంతికలు డబ్బాలకు డబ్బాలు. చెమట పట్టని నెలల్లోనే ఉప్పు ఎక్కువ తింటున్నాం, ఆటలు తగ్గేదీ ఆ నెలల్లోనే. పెద్దవాళ్ళకే రోజుకు మొత్తం ఐదు గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే కూరల్లో వేసేదీ కలుపుకుని ఒక టీస్పూన్ కూడా నిండదు. ఆవకాయ పూర్తిగా మానమని నేను చెప్పను, ఆ మాట వినేవాళ్ళు కూడా ఎవరూ లేరు. అన్నంలో కలుపుకోవడం మాని, పెరుగన్నంలో ఒక చిన్న ముక్క నంజుకుంటే చాలు. ఇన్‌స్టంట్ నూడుల్స్ మాత్రం ఆ మసాలా పొట్లంతో సహా మాన్పించండి. హాస్టల్ పిల్లలకు రాత్రి పదింటికి అదే భోజనం.

ఇప్పుడు కళ్ళు తిరగడం గురించి. నలభై రెండు డిగ్రీల ఎండలో ఆడి, చెమట కారి, నీళ్ళు సరిగా తాగక, పైన రక్తనాళాలను వదులు చేసే మాత్ర వేసుకుని ఉన్న పిల్లాడు చటుక్కున లేస్తే కళ్ళు తిరగడంలో వింతేమీ లేదు. ఇంట్లో మిషన్ ఉంటే ఇలా చూడండి: ఐదు నిమిషాలు కూర్చోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒక నిమిషానికి ఒకసారి, మూడు నిమిషాలకు ఒకసారి. నిలబడ్డాక పై అంకె ఇరవై గానీ, కింది అంకె పది గానీ పడిపోతుంటే డాక్టర్‌కు చూపించి తీరాలి. అప్పుడు ఆయన 5ను 2.5 చేయవచ్చు, లేదా ముందు నీళ్ళ సంగతి సరిచేసి రెండు వారాలు చూద్దామనవచ్చు. వేసవికి మోతాదు తగ్గించి చలికాలానికి సరిచేయడం వైద్యంలో ఉన్న పద్ధతే. ఆ పని కొలతలు చూసి డాక్టర్ చేయాలి, క్యాలెండర్ చూసి మనం చేయకూడదు. ఆమ్లోడిపిన్‌తో వేసవిలో చీలమండల దగ్గర కొంచెం వాపు కూడా రావచ్చు, వస్తే అదీ చెప్పండి.

ఇంకో మాట, మీ బాబుకు కాదు గానీ ఇది చదివే మిగతా తల్లిదండ్రులకు. మీ పిల్లలు ఎనలాప్రిల్, రామిప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ లాంటి మాత్రలు గానీ, మూత్రం ఎక్కువ చేసే మాత్రలు గానీ వాడుతుంటే వేసవిలో, వానాకాలంలో మరింత జాగ్రత్త కావాలి. వాంతులు, నీళ్ళ విరేచనాలు పట్టుకుని ఒంట్లో నీరు తగ్గిపోయినప్పుడు ఆ మాత్ర వేస్తూ పోతే కిడ్నీల మీద దెబ్బ పడుతుంది. ఆ రోజే డాక్టర్‌కు ఫోన్ చేసి, మాత్ర ఆపాలా, ఎన్ని రోజులు ఆపాలి అని అడగండి. విరేచనాలైతే బీపీ ఉన్న పిల్లాడికైనా ఓఆర్ఎస్ ఇవ్వాల్సిందే, ఉప్పు ఉందని భయపడొద్దు. ఏ జబ్బూ లేకుండా ఊరికే ఎండగా ఉందని రోజూ ఓఆర్ఎస్, ఉప్పేసిన నిమ్మరసం, మజ్జిగ తాగించొద్దు. మామూలు ఆటకు మంచినీళ్ళు, ఉప్పు లేని పల్చటి మజ్జిగ చాలు.

వేసవిలో మాత్ర ఆపొద్దనడానికి నా దగ్గర ఇంకో కారణం ఉంది. పెద్దవాళ్ళలో, ముఖ్యంగా మందులు వాడే ముసలివాళ్ళలో, ఎండలు ముదిరినప్పుడు పగటి బీపీ దిగినా రాత్రి బీపీ దిగకపోవడం, కొందరిలో పెరగడం కూడా చూశారు. ఉక్కపోతకు నిద్ర సరిగా పట్టకపోవడం ఒక కారణం కావచ్చు. పిల్లల్లోనూ ఇలాగే ఉంటుందని నేను చెప్పడం లేదు. పగలు పదకొండింటికి క్లినిక్‌లో చూసిన ఒక్క 116ను బట్టి రాత్రంతా బాగుందని అనుకోలేం, అంతవరకే. చెయ్యికి కట్టి పంపే ఇరవై నాలుగు గంటల బీపీ మిషన్ ఉంటుంది, రాత్రి నిద్రలో కూడా కొలుస్తుంది. మీ బాబుకు ఇప్పటిదాకా అది కట్టలేదనుకుంటాను. చలికాలంలో తేలిన బీపీ నిజంగా ఎంత, అందులో ఆసుపత్రి భయం ఎంత అని తేల్చేది అదే. మాత్ర మానే ఆలోచన ఎప్పటికైనా చేయాలంటే దాని ద్వారానే చేయాలి, అదీ బరువు తగ్గి, ఒక చలికాలం కూడా సాఫీగా గడిచాక. అలా మాత్ర నుంచి బయటపడ్డ పిల్లలు ఉన్నారు. వాళ్ళందరిలో నాకు కనిపించిన సామాన్య విషయం ఒక్కటే, ఆట మానలేదు.

హాస్టల్ గురించి మీ టెన్షన్ సబబే. వచ్చే చలికాలానికి బాబు మీ కళ్ళ ముందు ఉండడు. మాత్ర వేసుకునే వేళ మెస్ టిఫిన్‌తో ముడిపెట్టండి. ఆమ్లోడిపిన్ ఒంట్లో చాలాసేపు నిలుస్తుంది, ఒకరోజు గంట అటూఇటూ అయినా నష్టం లేదు, మరిచిపోయానని రెండు కలిపి మాత్రం వేసుకోకూడదు. వార్డెన్‌కు ఒక్కరికైనా విషయం చెప్పి ఉంచండి. పిల్లలు సిగ్గుపడతారు, బీపీ అంటే ముసలాళ్ళ జబ్బు అని తోటివాళ్ళు ఆట పట్టిస్తారని దాచిపెడతారు. ఎనర్జీ డ్రింకులు అసలే వద్దు, వాటిలో కెఫీన్ ఎక్కువ. జలుబు చేసినప్పుడు మెడికల్ షాపులో అడిగి వేసుకునే మాత్రల మీద ఒక కన్ను ఉంచమనండి. ముక్కు దిబ్బడ తగ్గించే ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ రక్తనాళాలను బిగించేవే, బీపీ పెంచుతాయి. చలికాలంలో ఉన్నట్టుండి బీపీ పెరిగిందని వచ్చిన పిల్లల జేబులో ఆ జలుబు మాత్రల షీటు దొరికిన సందర్భాలు నాకు గుర్తున్నాయి. జ్వరానికి పారాసెటమాల్ చాలు, అదీ నీళ్ళలో బుసబుసమని కరిగే రకం కాకుండా మామూలు మాత్ర. కరిగేదాంట్లో సోడియం ఉంటుంది. ఐబుప్రోఫెన్ అలవాటు చేయొద్దు.

ఇంకొకటి అడగకపోయినా చెప్తున్నాను. కార్తీక, మార్గశిర మాసాల్లో ఈ వయసు పిల్లలు చాలామంది అయ్యప్ప మాల వేసుకుంటారు. తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం, చెప్పుల్లేని కాళ్ళు, ఒంటిపూట భిక్ష. చన్నీళ్ళు ఒంటి మీద పడగానే బీపీ కొన్ని నిమిషాలు పెరుగుతుంది. చేతిని మంచునీళ్ళలో ముంచి బీపీ ఎంత పెరుగుతుందో చూసే పరీక్షే ఒకటి ఉంది. బీపీ అదుపులో ఉన్న పిల్లాడికి ఇది పెద్ద ప్రమాదం కాదు, మాల వేసుకోవద్దని నేనెప్పుడూ చెప్పలేదు. అయితే దీక్షలో మాత్ర మానడం, స్నానం అయిన వెంటనే బీపీ చూసి కంగారుపడటం, ఈ రెండూ చేయొద్దు. గురుస్వామికి చెబితే మాత్రకు ఎవరూ అడ్డు చెప్పరు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు కూడా అడుగుతుంటారు, చికాగో చలికి మా పిల్లకు ఇంకెంత పెరుగుతుందో అని. అక్కడ ఇంట్లో, బడిలో హీటర్లు ఉంటాయి, పిల్ల రోజంతా ఇరవై డిగ్రీల్లోనే ఉంటుంది. హీటర్ లేని ఆదిలాబాద్ స్లాబు ఇంట్లో తెల్లవారుజామున లేచి చదివే పిల్లాడికి ఒంటికి తగిలే చలి అంతకంటే ఎక్కువ కావచ్చు. బయటి చలికన్నా మనం కూర్చునే గదిలోని చలే లెక్క. ఆస్ట్రేలియా వాళ్ళకు జూన్, జూలైలో చలికాలం కనుక, ఇక్కడి మే నెల రీడింగు పట్టుకెళ్ళి అక్కడ జూలైలో చూపించి మందు పనిచేయడం లేదనుకోవద్దు.

మరి ఇంట్లో ఎలా చూడాలి? మణికట్టుకు పెట్టేది కాదు, భుజం దగ్గర చుట్టే మిషన్ కొనండి. కుడి చెయ్యికే చుట్టండి. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనించి, కాలు మీద కాలు వేసుకోకుండా, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టి, ఐదు నిమిషాలు మాటల్లేకుండా, ఫోన్ లేకుండా కూర్చోవాలి. చివరిది చేయించడమే కష్టం. బయటి చలిలోంచి వచ్చిన వెంటనే వద్దు, ఆడి వచ్చిన వెంటనే వద్దు. పొద్దున మాత్రకు ముందు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు, వరసగా ఏడు రోజులు చూసి సగటు తీయండి. ఆ ఏడు రోజుల పని రోజూ పెట్టుకోవద్దు, పిల్లాడు విసిగిపోతాడు. హాస్టల్‌కు పోయేముందు ఒక వారం, దసరా సెలవుల్లో ఒక వారం, సంక్రాంతి సెలవుల్లో ఒక వారం, మళ్ళీ మేలో ఒక వారం. పక్కన గది ఎలా ఉంది, పరీక్షలున్నాయా, జలుబు మందు వేశాడా అని రెండు ముక్కలు రాయండి. ఈ మే రీడింగును వచ్చే మేతో పోల్చాలి, డిసెంబర్‌ను డిసెంబర్‌తో పోల్చాలి. వచ్చే జనవరిలో 122 వస్తే అది ఇప్పటి 116 కన్నా ఎక్కువే, అయినా మోతాదు పెంచాల్సిన పని లేదు. మనకు కావాల్సింది 130/80 లోపు. సగటు ఆ గీత దాటితే డాక్టర్‌ను కలవండి. తీవ్రమైన తలనొప్పితో వాంతులు, చూపు మసకబారడం, ఆయాసం, ఫిట్స్ ఉంటే, లేదా 180/120 దాటితే, అది ఏ కాలమైనా సరే, ఆ రాత్రే ఆసుపత్రికి.

ఇవాళే చేయగలిగిన పని ఒకటుంది. కుట్టుపని టేపు తీసుకుని బాబు కుడి భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుట్టుకొలత చూడండి. మిషన్ కఫ్ మీద సెంటీమీటర్లలో రెండు అంకెలు అచ్చేసి ఉంటాయి, చాలావాటి మీద 22 నుంచి 32 అని ఉంటుంది. బాబు కొలత 32 దాటితే పెద్ద కఫ్ విడిగా దొరుకుతుంది, అది తెచ్చాక కొత్తగా మొదటి వారం కొలతలు మొదలుపెట్టండి. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ కఫ్ కూడా సంచిలో వేసుకెళ్ళండి.